తలుపు పక్క కుర్చీ

"ఊదండి," అంది భార్య.

మేస్త్రిని గడప అవతలే నిలబెట్టేసింది. ఆవిడ భుజం పక్కనుంచి అతనికి మంచం కనిపిస్తోంది. మంచం మీద పెట్టె, పెట్టె మూత తెరిచి, లోపల పిల్ల బట్టలు సగం సర్ది. పన్నెండేళ్ల పిల్ల ఆ పెట్టె పక్కనే కూర్చుని పుస్తకాలకి తాడు కడుతోంది. తల ఎత్తలేదు.

అతను ఊదాడు.

"మళ్లీ."

మళ్లీ ఊదాడు. ఆవిడ మొహం అతని నోటి దగ్గర్నుంచి మెడ మీదికి, మెడ మీంచి భుజం మీదికి, అక్కణ్ణుంచి చేతుల మీదికి దిగింది. అరచేతుల దగ్గర ఆగింది.

"స్పిరిట్," అంది.

"పాలిష్‌ది."

నోరు జారాక గానీ ఏమన్నాడో తెలీలేదు అతనికి. పద్నాలుగేళ్ల కాపురంలో ఈ గడప మీదే ఆ మాట ఎన్నిసార్లు అన్నాడో. చెక్క సామానుకి లక్క పాలిష్ పట్టడం అతని పని. లక్కని స్పిరిట్లో కరిగించి, గుడ్డలో దూది మూటకట్టి, ముంచి చెక్క మీద గుండ్రంగా పాముతూ పోవాలి. సాయంత్రానికి మనిషి మనిషంతా స్పిరిట్ కంపు. ఆ కంపు చాటున ఇంకో కంపు దాచుకోవడం అతనికి చాలా సుఖంగా ఉండేది. ఎన్నేళ్లో దాచాడు. దొరికినప్పుడల్లా ఒకటే మాట, పాలిష్‌ది.

ఈరోజు అది పాలిష్‌దే.

"శనివారం మీ షాపు పన్నెండింటికే కట్టేస్తారు," అంది ఆవిడ. కోపం ఎక్కువయ్యే కొద్దీ ఆవిడ గొంతు తగ్గుతుంది, 'మీరు' అనడం పెరుగుతుంది. "ఇప్పుడు ఏడున్నర. ఏ పాలిష్ అండీ మీరు పట్టింది?"

"షాపులో కాదు. మీటింగులో."

ఆవిడ నవ్వింది. నవ్వంటే నవ్వు కాదు, ముక్కులోంచి గాలి.

ఆ మాటా అంతే. 'యూనియన్ మీటింగుంది, ఆలస్యమవుతుంది' అని చెప్పి చెప్పి, ఆ ఇంట్లో మీటింగంటే సీసా అని చంటిపిల్లకి కూడా అర్థమయ్యేట్టు చేసి పెట్టాడు. ఉన్న నిజాలన్నీ అబద్ధాలకి వాడేసుకున్న మనిషి. ఇప్పుడు ఒక్క నిజం చెబుదామంటే కొత్త మాట ఒక్కటి మిగల్లేదు.

"అక్కడో కుర్చీ ఉంది," అన్నాడు. "తలుపు పక్కది. వచ్చినవాళ్లు పట్టుకుని పట్టుకుని దాని చేతులు రెండూ తెల్లగా గీసుకుపోయాయి. చూస్తూ ఉండలేక ఈవేళ పెందలాడే వెళ్లి రెండు పూతలు..."

"మీటింగులో కుర్చీకి పాలిష్ వేశారు."

"అవును."

"బాగుంది. ఇన్నాళ్లూ ఒక రోజుకి ఒక అబద్ధం చెప్పేవారు. ఇప్పుడు రెండూ కలిపి చెబుతున్నారు." వెనక్కి తిరిగింది. "అమ్మడూ, గ్లాసు తే."

పిల్ల లేచి గ్లాసుతో నీళ్లు తెచ్చింది. అంచుకి ఒక వేలెడు తక్కువ పోసింది. తల్లి చూడనే చూసింది.

"నిండా పొయ్యి."

పిల్ల నిండా పోసింది. తండ్రి మొహం వైపు చూడకుండా గ్లాసు అందించింది.

ఇది రోజూ జరిగే పరీక్షే. చెయ్యి చాపి, గ్లాసు పట్టుకుని, అరవై అంకెలు లెక్కపెట్టాలి. మానేశాక కూడా వణుకు కొన్నాళ్లు వదలదని ఆస్పత్రిలో నర్సు చెప్పిన మాట ఆవిడా విన్నది. విన్నదాన్ని నమ్మడానికి ఆవిడ దగ్గర కూడా ఓపిక మిగల్లేదు.

ఇరవై దగ్గర మొదటి చుక్క పడింది. ముప్ఫై దగ్గర మణికట్టు మీంచి ధార. పిల్ల కాలితో గుడ్డ జరిపి, అలవాటుగా వంగి, నేల తుడిచింది.

"చాలు," అంది భార్య. "రేపు పొద్దున్న అక్కా బావగారూ వస్తున్నారు. ఫోన్ చేసి చెప్పాను."

"ఎందుకు?"

"నెల రోజులు చూస్తానన్నాను. చూశాను."

"నెల ఎక్కడైంది! ఇరవై ఆరు రోజులు. ఇరవై ఆరు రోజుల్నుంచి నేను చుక్క ముట్టలేదు."

"ఎవరు చెప్పాలి ఆ మాట? మీరేగా." పెట్టె దగ్గరికి వెళ్లి లంగా ఒకటి మడత పెట్టింది. "అక్కడ హాజరు వెయ్యరా?"

"వెయ్యరు."

"పేర్లు రాసుకోరా?"

"పేర్లే అడగరు."

"పేరు లేదు, హాజరు లేదు, రసీదు లేదు. దీనికన్నా మీ యూనియన్ మీటింగే నయం, కనీసం జెండా ఉండేది." మడత పెట్టిన లంగాని మళ్లీ విప్పింది, మళ్లీ మడత పెట్టింది. గొంతు ఇంకా తగ్గింది. "ఒక్క మనిషిని చూపించండి. అవును, ఈయన శనివారం శనివారం నా పక్కనే కూర్చుంటున్నాడు అని చెప్పే ఒక్క మనిషిని. కాళ్లు కడిగి నెత్తిన చల్లుకుంటాను. ఆ పెట్టె నేనే ఖాళీ చేస్తాను."

అతని నాలుక చివరిదాకా వచ్చింది ఒక పేరు.

మింగేశాడు.

*

తాగుడు మానేవాళ్ల ఆ మీటింగుని వెతికి పెట్టింది అసలు ఆవిడే.

కిందటి నెల అతను రక్తం కక్కుకుని ఆస్పత్రిలో పడి ఉన్నప్పుడు, నర్సు చీటీ వెనక ఒక నంబరు రాసిచ్చింది. ఆవిడ దాన్ని ఇంటికొచ్చాక టిఫిన్ డబ్బా మూత లోపల అతికించింది. ఏమీ అనలేదు. రోజూ మధ్యాహ్నం మూత తియ్యగానే ఆ నంబరు అతని మొహంలోకి చూసేది. అయిదో రోజు షాపు వెనక్కెళ్లి ఫోన్ చేశాడు.

"ఎవరూ?" అంది అవతల ముసలి గొంతు.

"నేను... నా పేరు..."

"పేరొద్దు. తాగుతున్నావా, మానావా?"

"మానాలనుకుంటున్నా."

"అయితే శనివారం అయిదింటికి రా. అచ్చాఫీసు పైన, రెండో అంతస్తు. మెట్లెక్కేటప్పుడు లెక్కపెట్టుకో. మనవాళ్లు చాలామంది మొదటి అంతస్తులోనే ఆగిపోతారు."

అతనూ ఆగిపోయాడు. మొదటి శనివారం ఆ భవనం చుట్టూ మూడుసార్లు తిరిగి, ఎవరూ చూడటం లేదని చూసుకుని, మెట్లెక్కి కనిపించిన మొదటి తలుపు తోశాడు. పదిమంది వరసగా కూర్చుని ఉన్నారు. ఒక్కొక్కరే లేచి తమ గురించి చెప్పుకుంటున్నారు. ఇదే అనుకుని వెనక బెంచీ మీద చేరాడు. అతని వంతొచ్చింది. లేచాడు. కళ్లు మూసుకుని, "నేను తాగుబోతుని," అనేశాడు.

ముందు వరసవాళ్లు వెనక్కి తిరిగి చూశారు.

"వెరీ గుడ్," అన్నాడు ముందున్న కుర్రమేష్టారు. "ఇప్పుడు అదే ఇంగ్లీషులో చెప్పండి."

అది ఇంగ్లీషు మాట్లాడటం నేర్పే క్లాసు.

ఆ కథ పై అంతస్తులో చెబితే వాళ్లు కడుపులు పట్టుకుని నవ్వారు. ఏడెనిమిది మంది. తాగకుండా అంతసేపు నవ్వినవాళ్లని అతను చాలా ఏళ్ల తర్వాత చూశాడు. ఫోన్లో మాట్లాడిన ముసలాయనకి ఒకప్పుడు సెలూన్ ఉండేది. చేతులు వణికి ఒకడి చెవి కోశాక కత్తెర పక్కన పెట్టి, మందు కూడా పక్కన పెట్టాడు. ఇప్పుడు ఆ గదికి తాళంచెవి ఆయన దగ్గరే, టీ కెటిలూ ఆయన దగ్గరే. గోడకి ఒక అట్ట. 'ఇక్కడ ఎవర్ని చూశారో, ఏం విన్నారో ఇక్కడే వదిలి వెళ్లండి.' దాని కింద సెలూన్ పెద్దాయన సొంత చేతిరాత. 'చెప్పులూ గొడుగులూ మాత్రం మర్చిపోకండి.'

ఈవేళ పొద్దుట్నుంచీ ముసురు. ముసురు పట్టిన రోజు లక్క పాలిష్ ముట్టుకోకూడదని ఆ పని నేర్చుకునేవాడికి మొదటి వారంలోనే చెబుతారు. తేమకి తెల్లబడుతుంది, ఒక పట్టాన ఆరదు, చేతికి జిగురు జిగురుగా అంటుకుంటుంది. అంతా తెలిసీ వేశాడు. షాపు కట్టేశాక ఆ సాయంత్రం దాకా తన చేతుల్ని ఎక్కడ పెట్టుకోవాలో తోచలేదు మరి. స్పిరిట్ డబ్బా షాపులోంచి తెచ్చుకునేదాకా ఒక భయం, మూత తీసినప్పుడు ఇంకో భయం. సెలూన్ పెద్దాయన ఎదురుగా కూర్చుని, అతను పూత వేసినంతసేపూ కన్నార్పకుండా చూశాడు. మిగిలిన స్పిరిట్ తన చేత్తోనే తూములో పోసేశాడు.

"ఆరాక అద్దంలా నిగనిగలాడుతుంది," అన్నాడు మేస్త్రి.

"ఆరుతుందా ఈ వానకి?"

"రేపటికి."

కుర్చీ మీద పాత పేపరు పరిచి వదిలేశారు.

అయిదుంబావుకి, అందరూ కూర్చున్నాక, తలుపు తెరుచుకుంది. తెల్లటి ఇస్త్రీ చొక్కా. చేతికి గడియారం. తడిసిన గొడుగు మూలన పెట్టి, ఖాళీగా ఉన్నది ఆ ఒక్క కుర్చీయే కనక, పేపరు తీసి పక్కన పెట్టి, తలొంచుకుని కూర్చున్నాడు.

అన్నయ్యా, అందులో కూర్చోకు, పచ్చిగా ఉంది, అందామనుకున్నాడు మేస్త్రి.

వచ్చినవాడు అతని తోడల్లుడు. భార్య అక్క మొగుడు. బస్సు డిపోలో టైమ్‌కీపరు. ఆ కుటుంబం మొత్తానికి కొలబద్ద. సోడా తాగితే కడుపుబ్బరమని అది కూడా తాగడు. 'మా బావగారిని చూసి నేర్చుకోండి' అని భార్య అనని పండగ లేదు, పబ్బం లేదు.

"రావయ్యా," అన్నాడు సెలూన్ పెద్దాయన. "మూడు శనివారాలు ఎగ్గొట్టావు."

అంటే కొత్తవాడు కాదు.

తోడల్లుడు తలెత్తాడు. మేస్త్రిని చూశాడు. గడియారం ఉన్న చెయ్యి కుర్చీ చేతిని గట్టిగా పట్టుకుంది. లేచి పోతాడనుకున్నాడు మేస్త్రి. పోలేదు. కిటికీ వైపు చూస్తూ మొదలుపెట్టాడు.

"నేను తాగుబోతుని. ఆరేళ్ల రెండు నెలలు ముట్టలేదు. పోయిన మంగళవారం ముట్టాను. బుధవారం ముట్టాను. నిన్న ముట్టాను."

సెలూన్ పెద్దాయన కెటిల్ కింద పెట్టాడు.

"ఏమీ జరగలేదు. అదే నాకు భయంగా ఉంది. ఇంట్లో గొడవ లేదు. పై అధికారి తిట్టలేదు. బస్సులన్నీ టైముకే పోయాయి. నేను ఇంటికి నడుస్తుంటే కాళ్లు అటు తిరిగాయి, అంతే." గొంతు సవరించుకున్నాడు. "వేరే ఊరి డిపోలో ఒంటరిగా ఉన్నప్పుడు తాగేవాణ్ని. తాగినట్టు మా ఆవిడకి తెలీదు. మానినట్టూ తెలీదు. ఈ శనివారాల్ని ఓవర్‌టైమ్ అని చెబుతాను."

టీ ఇచ్చారు. ఆయన గ్లాసుని రెండు చేతులతో పట్టుకున్నాడు. అలా ఎందుకు పట్టుకుంటారో మేస్త్రికి తెలుసు.

దిగేటప్పుడు మెట్ల మలుపులో తోడల్లుడు ఆగాడు. కింద అచ్చాఫీసు మిషన్ల చప్పుడు.

"తమ్ముడూ. నువ్వు నన్ను చూడలేదు."

"చూడలేదన్నయ్యా."

"నేనూ నిన్ను చూడలేదు."

చేతిలో చెయ్యి వేసి నొక్కి, గొడుగు విప్పుకుని వెళ్లిపోయాడు. పెద్ద మనిషి, మాట ఇచ్చాడు, తన గుట్టు కాపాడతాడు, అనుకున్నాడు మేస్త్రి. సగం దారి నడిచాక గానీ ఆ మాట కరవలేదు. తను దాచుకోవాల్సిన గుట్టేం లేదు. తనకి కావలసిందల్లా తనని ఎవరో ఒకరు చూడటం.

*

ఆదివారం పొద్దున్న తొమ్మిది కొట్టేసరికి వాళ్లు దిగారు. తోడల్లుడు బండివాణ్ని వాకిట్లోనే ఆగమన్నాడు.

వదిన వస్తూనే చెల్లెల్ని కావిలించుకుంది, పిల్ల జుట్టు సవరించింది, వంటింట్లోకి తొంగిచూసింది, పెట్టె మూత ఎత్తి చలి బట్టలు పెట్టావా అని అడిగింది. మనిషి మంచిదే. నోరు మాత్రం ఊరిమీద. గోడవార నిలబడ్డ మేస్త్రిని చూడకుండా అతనితోనే మాట్లాడింది.

"కొందరికి సిగ్గుండదు. ఆస్పత్రి మంచం మీంచి లేచొచ్చి నెల తిరగలేదు."

"తాగలేదు వదినా."

"చెయ్యి చాపండి మరిదిగారూ."

చాపాడు. ఆకులా ఊగింది.

"ఇదేంటి? ఇది తాగనివాడి చెయ్యా? ఏమండీ, మీరే చూడండి."

తోడల్లుడు మంచం పక్క కుర్చీలో కూర్చుని ఉన్నాడు. రెండు చేతులూ ఒడిలో, ఒకదాన్నొకటి పట్టుకుని. చూడలేదు. గడియారం చూసుకున్నాడు.

"ఆయన్ని లాగకు అక్కా," అంది భార్య. అలా అన్నదే గానీ తనే ఆయన ఎదురుగా వచ్చి నిలబడింది. రాత్రంతా నిద్రపోని కళ్లు. "బావగారూ, ఒక్క మాట చెప్పండి. మీ డిపో అచ్చాఫీసు వెనకేగా. ఆ వీధిలో మీకు తెలియని గడప లేదు. అక్కడ మేడ మీద తాగుడు మానేవాళ్ల మీటింగు ఒకటి జరుగుతుందట. ఉందా?"

మేస్త్రి తోడల్లుడి నోటి వైపు చూశాడు. పేరు చెప్పక్కర్లేదు. తను అక్కడికి వెళ్తాడని చెప్పక్కర్లేదు. 'ఉందమ్మా, జనం అనుకోగా విన్నాను' అంటే చాలు. సగం పెట్టె ఖాళీ అవుతుంది.

వాకిట్లో బండివాడు దగ్గాడు.

"నాకు తెలీదమ్మా," అన్నాడు తోడల్లుడు.

"చూశావా?" అంది వదిన.

భార్య చూపు మేస్త్రి మీదికి తిరిగింది. తిట్టడానికి కాదు. ఇంక ఏమన్నా మిగిలుందా అని అడిగినట్టుంది.

"ఒక్క మనిషిని అడిగాను నిన్న," అంది.

"చెప్పలేను."

"చెప్పలేరా, లేరా?"

"ఉన్నారు. చెప్పలేను. చెప్పకూడదని అక్కడ మాట. నేను ఆ మాట తప్పితే రేపు ఇంకొకడు ఆ మెట్లెక్కడు."

"ఎవరో మెట్లెక్కడం కోసం మమ్మల్ని మెట్లు దింపుతున్నారన్నమాట."

అతను తలొంచుకున్నాడు. పిల్ల పుస్తకాల కట్ట ఎత్తి పెట్టె మీద పెట్టింది. ఆ చప్పుడుకి ఇల్లంతా ఉలిక్కిపడ్డట్టయింది.

"సరే, బయల్దేరదాం," అని లేవబోయి, వదిన నుదురు కొట్టుకుంది. "ఆగవే, మర్చేపోయాను. ఈ గొడవలో పడి." సంచీలోంచి మడత పెట్టిన తెల్ల చొక్కా ఒకటి తీసి చెల్లెలి చేతిలో పెట్టింది. "ఈయన నిన్న ఓవర్‌టైమ్ నుంచి ఇలా చేసుకొచ్చారు. ఏంటండీ అంటే బస్సు గ్రీజు అంటారు. సబ్బు పెట్టాను, నిమ్మకాయ పెట్టాను, ససేమిరా పోదు. నువ్వు ఈ మరకలతోనే కాపురం చేశావు కదా, ఎలా పోతుందో చూడు."

తోడల్లుడి మొహంలో నెత్తురు లేదు.

భార్య చొక్కా విప్పింది. వెలుతురుకి పట్టింది. ముంజేతుల కిందివైపు, రెండు చేతులకీ సమానంగా, నాలుగు వేళ్ల వెడల్పున ఎర్రటి గోధుమరంగు పట్టీలు. గోటితో గీకింది. గోటి కింద పొలుసులా లేచింది. ముక్కు దగ్గర పెట్టుకుంది.

పద్నాలుగేళ్లు ఈ మరక ఉతికిన మనిషి. ఏ పూత, ఎంత పచ్చిగా ఉండగా అంటిందో చెప్పగలదు.

"గ్రీజు కాదక్కా," అంది నెమ్మదిగా. "ఇది సబ్బుకి పోదు. స్పిరిట్‌కే పోతుంది."

లోపలికి వెళ్లింది. బియ్యం డబ్బాలో మోచేతిదాకా చెయ్యి పెట్టి, అడుగునుంచి ఒక చిన్న సీసా తీసుకొచ్చింది. ఇంట్లో అది ఉన్నట్టు మేస్త్రికి తెలీదు. తెలీకుండా దాచింది కనకే అది ఇంకా నిండుగా ఉంది.

మూత తిప్పింది.

వాసన గదిలోకి వచ్చింది. ఎంతో కాదు, ఒక పలచటి పొర. వదినకి అసలు తగల్లేదు. పిల్ల ముక్కు నలుపుకుంది. గోడవార మేస్త్రి చటుక్కున మొహం కిటికీ వైపు తిప్పుకున్నాడు, ఊపిరి ఆపి.

కుర్చీలో తోడల్లుడు కూడా. అటే. అప్పుడే. అలాగే.

భార్య మొగుణ్ని చూసింది. బావగారిని చూసింది. చొక్కా వైపు చూసింది. తలుపు పక్క కుర్చీ, దాని చేతులు రెండూ, నిన్న రాత్రి తను నవ్విన మాట. ఆవిడ పెదవులు కదిలాయి.

"బావగారూ, ఇది ఏ కుర్చీలో..."

"మా షాపులో," అన్నాడు మేస్త్రి.

అందరూ అతని వైపు తిరిగారు. అడ్డగోలుగా మాట్లాడేశాడు. "నిన్న అన్నయ్య అటు పోతూ షాపు దగ్గర ఆగాడు. వాన కదా. కూర్చోమన్నాను. పచ్చి కుర్చీ అని మర్చిపోయాను. నాదే తప్పు. నువ్వు కోప్పడతావని గ్రీజు అన్నాడేమో వదినా."

ఈసారి అబద్ధం అచ్చం పాత రోజుల్లోలా నున్నగా జారింది. ఒక్కటే తేడా, అది తన కోసం కాదు.

"అవునా అండీ?" అంది వదిన. "ఎన్నింటికి?"

టైము చెప్పడం ఆయన ఉద్యోగం. ఇరవై రెండేళ్లుగా ఎవరడిగినా నిమిషాలతో సహా చెప్పిన నోరు. ఆ నోరే చెప్పేసింది.

"అయిదుంబావుకి."

చెప్పాక ఆయనకే తెలిసింది, ఏం చెప్పాడో. మేస్త్రి కళ్లు మూసుకున్నాడు.

"అయిదుంబావుకి మరిదిగారు షాపులోనే ఉన్నారన్నమాట!" వదిన చేతులు చరిచింది. "మరి అయిదింటి మీటింగేది? విన్నావుటే? తన నోటితో తనే బయటపడ్డాడు. ఇంకా ఏం కావాలి నీకు? లే. అమ్మడూ, పెట్టె తియ్యి."

భార్య కదల్లేదు. చేతిలో మూత లేని సీసా.

"శనివారం షాపు పన్నెండింటికే కట్టేస్తారక్కా," అంది. ఎవరితో అన్నదో తెలీనంత మెల్లగా.

"ఆఁ?"

భార్య గుడ్డ ముక్క ఒకటి అందుకుంది. కుర్చీ దగ్గరికి నడిచింది. చొక్కాని తోడల్లుడి ఒళ్లో పరిచింది. పక్కన ఆ గుడ్డ ముక్క పెట్టింది. సీసాని ఆయన ముందుకి చాపింది.

"మీరే తుడుచుకోండి బావగారూ. గుడ్డ మీద నాలుగు చుక్కలు పోసి, రుద్దకుండా అద్దాలి."

వద్దని తలూపాడు మేస్త్రి. ఆవిడ చూడలేదు. చూసినా ఆగేది కాదు.

ఆయన ఒడిలో ఒకదాన్నొకటి పట్టుకున్న చేతులు విడదీయక తప్పలేదు. కుడిచేత్తో సీసా అందుకున్నాడు. అంచు దాకా నిండిన సీసా. మొదటి చుక్క ఆయన మోకాలి మీద పడింది. రెండోది నేల మీద. సీసా మెడ గడియారం గొలుసుకి తగిలి, టకటకా టకటకా, ఆగకుండా మోగడం మొదలుపెట్టింది.

పిల్ల పెట్టె వదిలేసి వచ్చింది. అలవాటుగా వంగి, నేల తుడిచింది.

"అదేంటండీ," అంది వదిన. నవ్వబోయింది, నవ్వు రాలేదు. "మీ చెయ్యెందుకలా వణుకుతోంది?"